దాగియున్న రాచపుండును ఇనుపరేణువులు పట్టియిచ్చు విధము

రాచపుండు, అనగా క్యాన్సరు, అను మాట వినగానే మన యూళ్లలో జనులు మొదట విచారించునది కంతిని గూర్చి. కంతి పెద్దదా, చిన్నదా, నొప్పి యున్నదా, లేదా యని యడుగుదురు. కాని వైద్యులను మిక్కిలి కలవరపెట్టునది చేతికి తగులు కంతి కాదు. దానిని విడిచి చడిచప్పుడు లేక బయలుదేరిపోయిన కణములు. క్యాన్సరు వలన కలుగు మరణములలో పెక్కింటికి కారణము మొదటి కంతి గాక, దానినుండి వలసపోయి ఊపిరితిత్తులలోను, కాలేయములోను, ఎముకలలోను కాపురము పెట్టిన పిల్లకంతులే. ఆ పిల్లకంతులు ఆవగింజంత యున్నప్పుడే కనుగొనుటకు శాస్త్రజ్ఞులు చేసిన ప్రయత్నములలో ఒకదానిని గూర్చి యీ వ్యాసమున వివరింపదలచితిని. ఇందులో ఇనుము గలదు, సూదంటురాయి గలదు, కొంచెము చక్కెరయు గలదు. కావున పైతరగతుల విద్యార్థులకు బొత్తిగా తెలియని విషయములు ఇందు తక్కువ.

కణములు వలసపోవు త్రోవను మొదట తెలిసికొనవలెను. మన శరీరములో రక్తనాళములు గాక మరియొక నాళముల యల్లిక గలదు. రక్తమునుండి ఊరి అవయవములను తడిపిన తేటనీరు ఈ నాళములలో చేరి, మెల్లగా ప్రవహించి, తుదకు మెడ క్రింది పెద్ద సిరలలో కలియును. ఈ నీటికి శోషరసమని పేరు. ఆ నాళముల దారిలో అక్కడక్కడ చిక్కుడుగింజవంటి చిన్న గ్రంథులుండును. చంకలలోను, గజ్జలలోను, మెడయందును అవి గుంపులుగా నుండును. కాలికి ముల్లు గ్రుచ్చుకొని చీము పట్టినప్పుడు ‘గజ్జలో బిళ్ళ కట్టినది’ అని పెద్దలందురు గదా. ఆ బిళ్ళయే శోషరస గ్రంథి. ముల్లు పాదమున నుండగా వాపు గజ్జలో నేల కలుగవలెను? పాదమునుండి వచ్చు శోషరసమును మొదట తనిఖీ చేయునది ఆ గ్రంథి గనుక.

ఈ యేర్పాటును మన రైలుమార్గముతో పోల్చవచ్చును. హిందూపురమున టిక్కెట్టు లేక బండి యెక్కినవాడు పెనుకొండలోనే పట్టుబడినచో తగవు అంతటితో తీరును. అచ్చట తప్పించుకొని ధర్మవరము చేరెనా, అది జంక్షను. గుంతకల్లు దారిని పోవచ్చును, కదిరి మీదుగా పాకాల దారిని పోవచ్చును. పిమ్మట వానిని ఎక్కడని వెదకుదుము? రొమ్మున పుట్టిన క్యాన్సరునకు చంకలోని గ్రంథులు పెనుకొండ వంటివి. పురుషులకు మూత్రాశయము క్రింద నుండు ప్రోస్టేటు గ్రంథిలో పుట్టినదానికి పొత్తికడుపు అడుగున నుండు గ్రంథులు అట్టివి. రక్తమార్గమున నేరుగా పోవు కణములును గలవు గనుక ఈ పోలికను అంతకంటె దూరము సాగదీయరాదు.

ఇప్పుడు శస్త్రవైద్యుని యెదుట నుండు ప్రశ్న యేమన: కంతిని కోసి తీయుట సరే, దాని పొరుగున నున్న గ్రంథులలో వ్యాధి చొచ్చినదా, లేదా? చొచ్చినదన్నచో చికిత్స ఒక తీరు, లేదన్నచో మరియొక తీరు. తెలియనప్పుడు అన్నిటిని తీసివేయుటయే క్షేమమని చాలకాలము వైద్యులు భావించిరి. అయితే చంకలోని గ్రంథులన్నిటిని తీసివేసినచో చేతినుండి వచ్చు శోషరసమునకు దారి మూసికొనిపోవును. అట్టి శస్త్రచికిత్స జరిగిన స్త్రీలలో సుమారు ఐదుగురిలో ఒకరికి పిమ్మట చేయి వాచి బరువెక్కునని లెక్కలు చెప్పుచున్నవి. ఆ వాపు కొందరికి జన్మాంతము పోదు. ధర్మవరపు నేతగాండ్ర యిండ్లను చూచినవారికి దీని యర్థము విడమరచి చెప్పనక్కరలేదు. మగ్గముమీద పురుషుడు కూర్చున్నను, ఆసు పోయుట, కండెలు చుట్టుట ఇంటి యాడువారి చేతిపని. కుడిచేయి వాచిన యిల్లాలు ఆ పని యెట్లు చేయగలదు? గ్రంథులలో వ్యాధి లేదని ముందే నిశ్చయముగా తెలిసినచో ఆ చేయి దక్కును. వ్యాధి యున్నదని తెలిసినచో ప్రాణము దక్కుటకు మార్గ మేర్పడును. ఈ పరిశోధనలన్నిటి వెనుక నున్న గరజు ఇదియే.

మరి గ్రంథిలో వ్యాధి యున్నదని యెట్లు తెలిసికొందురు? బహుకాలము వాడుకలో నున్న గుర్తు కొలత. ఎం.ఆర్.ఐ. బొమ్మలో గాని, సి.టి. బొమ్మలో గాని గ్రంథి యొక్క అడ్డుకొలత 8 లేక 10 మిల్లీమీటర్లకు మించినచో అనుమానింతురు. లోపల నున్నచో విడిచిపెట్టుదురు. ఈ గుర్తు ఎంత బలహీనమైనదో కొంచెము ఆలోచించిన తెలియగలదు. ముల్లు గ్రుచ్చుకొన్నను బిళ్ళ పెరుగును. కనుక పెద్ద గ్రంథులన్నియు క్యాన్సరు గ్రంథులు కావు. రెండవ వైపున, 5 మిల్లీమీటర్ల గ్రంథిలో 2 మిల్లీమీటర్ల పిల్లకంతి హాయిగా దాగియుండవచ్చును. పైకొలతకు ఏ మార్పును రాదు. ఒక ఘన సెంటీమీటరు కంతిలో పది కోట్లనుండి నూరు కోట్ల కణము లుండునని యెన్నుదురు. ఆ లెక్కన రెండు మిల్లీమీటర్ల కంతిలోనే లక్షలకొలది కణములున్నవి. అన్ని లక్షలున్నను బొమ్మలో ఆనవాలు లేదు! మనుష్యుని గుణమును వాని పొడవునుబట్టి నిర్ణయించినట్లున్నది ఈ పద్ధతి.

ఎం.ఆర్.ఐ. యనగా నేమో ఇక్కడ కొంత చెప్పవలెను. మన శరీరములో సగమునకు పైగా నీరు, నీటిలో హైడ్రోజను. ఒక్కొక్క హైడ్రోజను కేంద్రకము ఒక చిన్న సూదంటురాయివంటిది. ఆసుపత్రులలో నుండు మామూలు ఎం.ఆర్.ఐ. యంత్రములోని అయస్కాంత క్షేత్రము 1.5 టెస్లా, మన కాలి క్రింది భూమి యొక్క అయస్కాంత బలముకంటె ముప్పదివేల రెట్లకు మించినది. ఆ బలములో నీటిలోని కేంద్రకములు బొంగరము తలయూచినట్లు సెకనునకు సుమారు 6 కోట్ల 40 లక్షల మారులు ఊగును. సరిగా అదే లెక్కగల రేడియో తరంగమును పంపినచో అవి యన్నియు ఒక్క తాళమున నడచి, తిరిగి సన్నని రేడియో ధ్వని నిచ్చును. ఆ ధ్వని యెక్కడనుండి యెంత వచ్చెనో గణించి బొమ్మ గీయుదురు. దీనికి దారి చూపిన పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డు అను నిరువురికి 2003 లో నోబెలు బహుమాన మిచ్చిరి. ఇందులో ఎక్స్‌రే కిరణములు లేవని గుర్తుంచుకొనవలెను. అయితే అంత బలమైన సూదంటురాయి యెదుటకు గుండెకు యంత్రము పెట్టుకొన్నవారును, కంటిలో ఇనుపతునక దిగినవారును వైద్యునికి చెప్పక పోరాదు.

ఒక్క తాళమున నడచుట యన్న మాటను మరువకుడు. కోలాటములో అందరు నొక్కమారుగా కోల కొట్టినంతసేపు చప్పుడు గట్టిగా వినబడును. గుంపు నడుమ తాళము తప్పించువాడొకడు చేరెనా, చుట్టుపట్ల వారందరు తడబడుదురు; చప్పుడు చెదరిపోవును. హైడ్రోజను కేంద్రకముల గుంపులో అట్లు తాళము తప్పించువాని పాత్ర ఇనుమునది. ఇనుము చేరినచోట అయస్కాంత క్షేత్రము చెదరును, కేంద్రకములు తాళము తప్పును, ధ్వని నశించును, బొమ్మలో ఆ తావు నల్లబడును.

చిత్రావతి యిసుకలోగాని పెన్నేటి యిసుకలోగాని సూదంటురాయి నీడ్చినచో దాని మొనకు నల్లని రజను మీసములవలె అంటుకొనునని మా విద్యార్థులు ఎరుగుదురు. ఆ నల్లయిసుక ఇనుమును ప్రాణవాయువును కలిసిన మాగ్నటైటు అను ఖనిజము. మన కొండరాళ్లు శిథిలమై వానలకు కొట్టుకొనిరాగా ఏటిలో చేరినది. వైద్యులు వాడు రేణువులును జాతికి అవియే, ఇనుప భస్మములే. భేద మంతయు పరిమాణమున నున్నది. ఫెరుమాక్స్‌ట్రాన్ అను మందులోని రేణువు పైతొడుగుతో గూడ సుమారు 30 నానోమీటర్లు. నానోమీట రనగా మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. పట్టుగూటినుండి తీసి జిగురు పోగొట్టిన ఒంటిపోచ సుమారు 10 మైక్రాన్ల మందముండును. ఆ పోచ కడ్డముగా ఈ రేణువులను ప్రక్కప్రక్కన పేర్చినచో మూడువందలకు పైగా పట్టును. హిందూపురపు పట్టుగూళ్ల మార్కెట్టులో గూడు నూడదీసి ఆ పోచను చూచిన పిల్లలు దీనిని ఊహింపగలరు.

ఇంత చిన్నవి చేయుటలో ఒక రహస్య మున్నది. ఏటి యిసుకలోని రజను ఒకమారు సూదంటురాయికి తగిలిన పిమ్మట తానును కొంచెము సూదంటురాయి యగును. ఒకదాని నొకటి అంటుకొని ముద్దకట్టును. రక్తనాళములో అట్లు ముద్దకట్టినచో ప్రాణాపాయము. కాని రేణువును కొన్ని నానోమీటర్లకు కుదించినచో అది చిత్రముగా ప్రవర్తించును: యంత్రములో నున్నంతసేపు బలమైన అయస్కాంత మగును, బయటికి వచ్చిన తక్షణము ఆ గుణమును పూర్తిగా విడుచును. అందుచేత ముద్దకట్టదు. దానిపై డెక్‌స్ట్రాన్ అను పదార్థముతో తొడుగు వేయుదురు. ఈ డెక్‌స్ట్రాన్ మనకు పరాయిది కాదు. చెరకురసము నిలువయున్నచో కొన్ని సూక్ష్మజీవులు అందులోని చక్కెరను జిగటగా మార్చును. రసము తీగలు సాగును, బెల్లము చెడును. ఆ జిగటయే డెక్‌స్ట్రాన్. హిందూపురపు బెల్లపు వర్తకులకు నష్టము తెచ్చునది వైద్యునికి ఉపయోగపడుట విశేషము.

ఇక అసలు యుక్తి. శోషరస గ్రంథులలో భక్షక కణములను కావలివాండ్రుందురు. వచ్చిన మలినమును, సూక్ష్మజీవులను పట్టి మ్రింగుట వారి పని. ఎలీ మెచ్‌నికాఫ్ అను రుష్యా శాస్త్రజ్ఞుడు 1882 లో ఇటలీ దేశమునందలి మెస్సీనా పట్టణమున, గాజువలె పారదర్శకమగు నక్షత్రమత్స్యపు పిల్లల యొడలిలో గులాబిముల్లు గ్రుచ్చి, మరునాడు చూడగా సంచారకణములు ఆ ముల్లు చుట్టును మూగియుండెను. భక్షక కణములను గూర్చిన జ్ఞానము అచ్చట మొదలయ్యెను. 1908 లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చెను. ఇప్పుడు ఇనుపరేణువులను నీళ్లలో కలిపి సిరలోనికి మెల్లగా బొట్టుబొట్టుగా ఎక్కింతురు. శరీరపు బరువు కిలో ఒకింటికి 2.6 మిల్లీగ్రాముల యినుము చొప్పున, 50 కిలోల మనిషికి 130 మిల్లీగ్రాములు. మన యొడలిలో స్వభావముగా 3, 4 గ్రాముల యినుముండును గనుక ఇది మితిమీరినది కాదు. రేణువులు రక్తమునుండి మెల్లగా ఊరి శోషరసములో చేరి, గ్రంథులకు వచ్చును. అచ్చటి కావలివాండ్రు వానిని మలినమని యెంచి మ్రింగుదురు. ఒక దినము గడువనిచ్చి బొమ్మ తీయుదురు.

ఆరోగ్యముగల గ్రంథి నిండ కావలివాండ్రున్నారు. వారి కడుపుల నిండ ఇనుమున్నది. కావున ఆ గ్రంథి బొమ్మలో నల్లగా మాడినట్లు కనబడును. క్యాన్సరు చొచ్చినచోట కావలివాండ్రు లేరు, వారి తావును పరులాక్రమించిరి. అచ్చట ఇనుమును మ్రింగువారు లేరు. కావున ఆ భాగము తెల్లగానే మిగులును. విద్యార్థులు దీనిని జాగ్రత్తగా గమనింపవలెను. రేణువులు క్యాన్సరును పోయి పట్టుకొనుట లేదు. మంచిని మాత్రమే గుర్తించుచున్నవి, మిగిలినదానిని మనము అనుమానించుచున్నాము. ఇల్లిల్లు తిరిగి దీపము వెలిగింపుమని చెప్పిన పిమ్మట చీకటిగా నున్న యింటికి పోయి తలుపు తట్టినట్లు. కాకున్న ఇక్కడ వెలుగునకు బదులు నలుపు. పై కొలత యేమైనను సరే, అయిదు మిల్లీమీటర్ల గ్రంథియైనను సరే, సగము నలుపు సగము తెలుపుగా నున్నచో లోపలి రహస్యము బయటపడును.

ఇది ఊహామాత్రము గాదని 2003 జూన్ నెలలో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ అను వైద్యపత్రికలో వెలువడిన పరిశోధన చూపెను. అమెరికాలోని బోస్టన్ నగరపు మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రివారును, నెదర్లాండ్సు దేశమందలి నైమేఖెన్ వారును కలిసి చేసిన పని యది. ముకేశ్ హరిసింఘాని అను మన దేశీయ నామధేయము ఆ వ్యాసకర్తల పట్టికలో మొదట నున్నది. యెల్లె బారెంట్స్, రాల్ఫ్ వైస్‌లెడర్ మొదలగువారు తోడివారు. ప్రోస్టేటు క్యాన్సరుగల 80 మంది పురుషులకు ఈ రేణువు లెక్కించి బొమ్మలు తీసిరి. పిమ్మట 334 గ్రంథులను తీసి సూక్ష్మదర్శినితో పరీక్షించిరి. 33 మంది రోగులలో, 63 గ్రంథులలో క్యాన్సరు కనబడెను. ఆ 63 లో 45 గ్రంథులు కొలతనుబట్టి చూచినచో ఎవ్వరును అనుమానింపనివి! అంకగణితము చేయువారు చూడుడు, నూటికి 71 పాళ్లు. రేణువులు లేని బొమ్మ క్యాన్సరు గ్రంథులలో నూటికి 35 ను పట్టగా, రేణువులతో తీసిన బొమ్మ నూటికి 90 ని పట్టెను. గ్రంథులలో వ్యాధి పాకిన 33 మందిలో ఒక్కరును తప్పిపోలేదు.

ఒక్క పరిశోధనతో తృప్తిపడరాదు. తరువాత నెదర్లాండ్సులో పలు ఆసుపత్రులు కలిసి 375 మంది రోగులమీద చేసి 2008 లో ప్రకటించిన లెక్కలో ఫలము కొంచెము తగ్గెను: ఈ బొమ్మ నూటికి 82 మందిని పట్టగా, సి.టి. బొమ్మ 34 మందిని పట్టెను. మొదటి పరీక్షలో మహానిపుణులు చూచిన బొమ్మలకును, పదిచోట్ల పదిమంది చూచిన బొమ్మలకును ఈ వ్యత్యాసము సహజమే యని నా తలపు. ఆ లెక్కలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచినది వేరొకటి. ఈ బొమ్మ ‘వ్యాధి పాకలేదు’ అని చెప్పిన నూరుగురిలో 96 మందికి నిజముగా పాకలేదు. అవసరము లేని కోతను తప్పింపగలిగిన మాట అది.

ఇంత మేలైన మందు అంగళ్లలో ఏల లేదని యడుగవచ్చును. దీని చరిత్ర విచారకరమైనది. 2005 లో అమెరికా ఔషధాధికారులకు సలహా యిచ్చు పండితసంఘము దీనిని అనుమతింపవలదని చెప్పెను. ఐరోపాలో తయారీదారులు 2007 లో తమ దరఖాస్తును తామే ఉపసంహరించుకొనిరి. రేణువుల నెక్కించునప్పుడు కొందరికి నడుమునొప్పి వచ్చెను. అరుదుగా ఒడలికి సరిపడక తీవ్రమైన బాధలును కలిగెను. అది గాక బొమ్మను చదువుటలో చిక్కులున్నవి. గ్రంథి నడుమ క్రొవ్వు చేరినను, పాత గాయపు మచ్చ యున్నను అదియు తెల్లగానే కనబడి మోసపుచ్చును. అధికారులు కఠినులని నిందించువారు కొందరున్నారు, నేనట్లు తలపను. జబ్బు లేదన్న మాట అబద్ధమైనచో నష్టపోవువాడు రోగి గనుక వారు జంకుట న్యాయమే. అయినను నైమేఖెన్ వైద్యులు పట్టు విడువలేదు. ఆ మందును తిరిగి తయారుచేయించి పరీక్షలు కొనసాగించిరి. ఈలోపల రేడియోధార్మిక పదార్థములతో ప్రోస్టేటు కణములనే గుర్తించు పెట్ బొమ్మలు వచ్చినవి. 2020 లో అమెరికాలో వానికి అనుమతి లభించెను. వీనిలో ఏది యెక్కువ చిన్న కంతిని పట్టునో యని పోటీ నడచుచున్నది. పిల్లకంతి రెండు మిల్లీమీటర్లకు లోబడినదైనచో రెండును తడబడును.

ఇనుపరేణువుల వంశములో తక్కినవారి గతియు చిత్రమైనదే. కాలేయములోని కంతులను చూచుటకు ఫెరిడెక్స్ అను మందును 1996 లో అమెరికాలో అనుమతించిరి. యుక్తి అదియే: కాలేయములోని భక్షక కణములు నల్లబడును, కంతి తెల్లగా మిగులును. దానిని 2008 లో తయారుచేయుట మానిరి. ఫెరుమాక్సిటాల్ అను మరియొకటి 2009 లో అనుమతి పొందినది గాని బొమ్మలకొరకు కాదు. మూత్రపిండములు చెడి రక్తహీనత కలిగినవారికి ఇనుము పట్టించుటకు. ఒకే రేణువు ఒకచోట బొమ్మకు మసి, మరియొకచోట రక్తమునకు ఆహారము! దానివలన ప్రాణాంతకమైన ప్రతిక్రియలు కొందరికి కలుగుటచేత 2015 లో మందుపెట్టెపై గట్టి హెచ్చరిక ముద్రింపజేసిరి. ఇట్లు చేరిన యినుము వ్యర్థము కాదు. భక్షక కణములు దానిని మెల్లగా జీర్ణించి, కొన్ని వారములలో రక్తములోని ఎరుపునకు వినియోగించును.

తల్లిదండ్రులు ఈ వ్యాసము చదివి, ఈ పరీక్షకై రేపే బెంగుళూరికి పోవలెనా యని యడుగుదురేమో. ఫెరుమాక్స్‌ట్రాన్ మన దేశపు ఆసుపత్రులలో రోగులకు మామూలుగా వాడునది కాదు. కావున దానిని వెదకి పోనక్కరలేదు. మన ప్రాంతపువారికి దగ్గరి ప్రభుత్వ క్యాన్సరు వైద్యాలయము 1973 లో నెలకొనిన బెంగుళూరు కిద్వాయి సంస్థ. హిందూపురమునకు సుమారు నూరు కిలోమీటర్లు. డాక్టరు ఐడా స్కడ్డరు దొరసానిగారు 1900 సంవత్సరమున ఒకే మంచముతో ఆరంభించిన వేలూరు వైద్యశాలకు మన జిల్లానుండి పోవువారును పెక్కుమంది. అచ్చట వాడునది గడోలినియము అను లోహముతో చేసిన మందు; అది రక్తము విస్తారముగా చేరు కంతిని తెల్లగా వెలిగించును. కంతిని చక్కగా చూపును గాని, చిన్న గ్రంథి లోపలి సంగతి ఇనుము చెప్పినంత చెప్పదు.

యంత్రము కొన్నంతమాత్రమున బొమ్మ మాటలాడదు. దానిని చదువుట ఒక విద్య. ఎముకల బొమ్మలను చదువుటలో దేశాంతరములందును పేరుపొందిన కాకర్ల సుబ్బారావుగారు కృష్ణాజిల్లా పెదముత్తేవిలో 1925 లో జన్మించి, అమెరికాలో పనిచేసి, తిరిగి వచ్చి, హైదరాబాదులోని నిజాము వైద్య విజ్ఞాన సంస్థకు మొదటి డైరెక్టరై, 2021 లో గతించిరి. అట్టివారి యొద్ద శిక్షణ పొందినవారి కన్ను లేక, కోట్ల రూపాయల సూదంటురాయియు వట్టి రాయియే.

కాని యంత్రముకంటెను, రేణువులకంటెను ముందు జరుగవలసిన దొకటి యున్నది. మన ప్రాంతమున స్త్రీలు రొమ్ములో గడ్డ కనబడినను, నొప్పి లేదు గదా యని నెలలు గడుపుదురు. పొగాకు నమలువారు నోటిలోని మానని పుండును సున్నపు పొక్కని తలంచి ఊరకుందురు. నొప్పి లేకపోవుటయే అనుమానింపదగిన సంగతియని వైద్యులందురు. ముల్లు గ్రుచ్చుకొన్న బిళ్ళ నొచ్చును, కొన్నాళ్లకు అణగును. నొప్పి లేక, గట్టిగా, కదలక, వారముల తరబడి పెరుగు బిళ్ళ వేరు జాతిది. మూడు వారములు దాటిన బిళ్ళను వైద్యునికి చూపుటకు సిగ్గుపడుట, భయపడుట మన యిండ్లలో మానవలెను. పిల్లకంతిని రెండు మిల్లీమీటర్లప్పుడు పట్టుటకు బోస్టన్‌లో అంత శ్రమపడుచుండగా, తల్లికంతి నిమ్మకాయంత యైన పిమ్మట మనము బయలుదేరినచో ఆ విద్య మన కెందులకు?

ఇనుపరేణువులు పెద్ద యంత్రము లేనిచోట కూడ పనికివచ్చు నొక మార్గమును చెప్పెదను. కంతినుండి వచ్చు శోషరసము మొట్టమొదట చేరు గ్రంథిని కావలిగ్రంథి యందురు. మన పోలికలోని పెనుకొండ. ఆ ఒక్కదానిని తీసి పరీక్షించి, అందు వ్యాధి లేనిచో పెక్కుమందికి తక్కిన గ్రంథులను ముట్టక విడిచిపెట్టవచ్చును. అట్లు చేసినప్పుడు చేయి వాచుట ఐదింట ఒకటినుండి సుమారు ఇరువదింట ఒకటికి తగ్గును. ఆ గ్రంథిని కనుగొనుటకు రేడియోధార్మిక టెక్నీషియమును వాడుట పరిపాటి. కాని దాని శక్తి ఆరు గంటలకు సగము, పన్నెండు గంటలకు పావు అగును. దానికి ప్రత్యేక శాఖయు, అనుమతులును, నిత్యము సరఫరాయు కావలెను. దానికి బదులు ఇనుపరేణువుల ద్రవమును రొమ్ములో సూదితో ఎక్కించి, శస్త్రచికిత్స వేళ చేతిలో పట్టుకొను అయస్కాంతశోధకమును చంకపై నానించినచో, రేణువులు చేరిన గ్రంథివద్ద అది కూతపెట్టును. 2018 లో అమెరికాలో దీనికి అనుమతి లభించెను. ఈ ద్రవము బీరువాలో నిలువయుండును. రైలు ఆలస్యమైనచో చెడిపోవునది కాదు. తాలూకా పట్టణములవంటి చోట్లకు ఇదియే ముందుగా రాదగినదని నా యభిప్రాయము. లోపము లేదనను. సూది వేసినచోట చర్మముపై గోధుమవన్నె మచ్చ నెలల తరబడి నిలుచును. ఆ సంగతి రోగికి ముందే చెప్పవలెను. మరియు రొమ్ములో మిగిలిన యినుము పిమ్మట తీయు ఎం.ఆర్.ఐ. బొమ్మలో ఆ తావునంతను నల్లగా చెరుపును గనుక, అట్టి బొమ్మ మరల కావలసివచ్చు రోగులకు వైద్యులు ఈ ద్రవమును ఆలోచించి గాని వాడరు.